శాస్త్రవేత్త పని అంకెల్లో ఎంత కనిపిస్తుంది?

ఏటా సెప్టెంబరు దాటేసరికి పత్రికల జిల్లా పేజీల్లో ఒక వార్త తప్పకుండా వస్తుంది: ‘ప్రపంచంలోని అగ్రశ్రేణి 2 శాతం శాస్త్రవేత్తల్లో మన ప్రొఫెసర్‌కు చోటు’. పక్కనే పాస్‌పోర్టు సైజు ఫొటో, కింద ఇన్ని పేపర్లు, ఇన్ని సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ ఇంత అని రెండు వరుసల వివరాలు ఉంటాయి. మనవాళ్లకు పేరొచ్చిందన్న సంతోషం సరే, ఆ అంకెల్ని ఎలా చదవాలో మాత్రం వార్తలో ఉండదు. ఎవరు లెక్కపెట్టారు? అది ఎక్కువా, తక్కువా? ఆ పేపర్లన్నీ ఆయనొక్కరే రాశారా? పీహెచ్‌డీకి గైడ్‌ను వెతుక్కుంటున్న విద్యార్థికి ఇవి నాలుగైదేళ్ల జీవితానికి సంబంధించిన ప్రశ్నలు. అందుకే ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు మాటలు తేల్చుకుందాం. శాస్త్రవేత్త తాను కనుక్కున్నది రాసి జర్నల్‌కు, అంటే పరిశోధన పత్రికకు పంపుతారు. అదే రంగంలోని మరికొందరు చదివి, లోపాలు చూపించి, సరేనన్నాక అది అచ్చవుతుంది. అదే పేపర్. తర్వాత ఇంకొకరు తమ పేపర్లో ‘ఫలానా వారి పని ఆధారంగా ఇది చేశాం’ అని దాన్ని పేర్కొంటే ఒక సైటేషన్ వచ్చినట్టు. ఎవరు ఎవరిని పేర్కొన్నారో అంతా ఒకచోట నమోదు చేయాలన్న ఆలోచనను అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో ముందుకు తెచ్చారు. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ పేరుతో దాన్ని అచ్చు వేయించారు. ఒక పాత పేపర్‌ను పట్టుకుని, ఆ తర్వాత ఆ దారిలో ఎవరెవరు నడిచారో వెతుక్కోవడానికి అదొక సాధనం. దాంతో మనుషులకు మార్కులు వేయడం తర్వాత వచ్చిన అలవాటు.

ఇప్పుడు ఈ లెక్క ప్రధానంగా మూడు చోట్ల జరుగుతోంది: గార్‌ఫీల్డ్ పని నుంచి ఎదిగిన వెబ్ ఆఫ్ సైన్స్, ఎల్సెవియర్ సంస్థ నడిపే స్కోపస్, అందరికీ ఉచితంగా దొరికే గూగుల్ స్కాలర్. ఒకే మనిషికి మూడు చోట్లా మూడు అంకెలు కనిపిస్తాయి. ఇందులో మోసమేమీ లేదు. మొదటి రెండూ ప్రధానంగా ఎంపిక చేసిన జర్నళ్లను చూస్తాయి. గూగుల్ స్కాలర్ పుస్తకాలు, సిద్ధాంత గ్రంథాలు, ఇంకా అచ్చుకాని ప్రతులు కూడా కలుపుకుంటుంది, అందుకే సాధారణంగా దాని అంకె పెద్దదిగా ఉంటుంది. ఇద్దరిని పోల్చాలంటే ఇద్దరి అంకెలూ ఒకేచోటి నుంచి తీసుకోవాలి. ఒకరికి గూగుల్ అంకె, మరొకరికి స్కోపస్ అంకె పెట్టి చేసిన పోలికను పట్టించుకోనక్కర్లేదు.

సైటేషన్లు ఎక్కువ వచ్చిన పేపర్ గొప్పదేగా అని అనిపించవచ్చు. ఇక్కడ కాస్త ఆగాలి. ‘నేచర్’ పత్రిక 2014లో అత్యధిక సైటేషన్లు పొందిన 100 పేపర్ల జాబితా వేసింది. మొదటి స్థానం ఆలివర్ లౌరీ, సహచరులు 1951లో రాసిన పేపర్‌ది. అప్పటికి దానికి 3,05,148 సైటేషన్లు వచ్చాయి. 63 ఏళ్లకు సర్దితే రోజుకు సుమారు 13. అంటే ఆదివారాలు, పండుగలు అన్న తేడా లేకుండా ప్రతిరోజూ ప్రపంచంలో ఎక్కడో 13 మంది దాన్ని పేర్కొన్నట్టు. అందులో ఉన్నది ఒక ద్రావణంలో ప్రోటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి. డీఎన్‌ఏ జంట మెలికల నిర్మాణాన్ని చెప్పిన 1953 నాటి వాట్సన్, క్రిక్ పేపర్‌కు ఆ 100లో చోటు లేదు. ప్రోటీన్ కొలిచిన ప్రతివారూ లౌరీని పేర్కొనాల్సి వచ్చింది. డీఎన్‌ఏ ఆకారమేమో పాఠ్యపుస్తకంలోకి వెళ్లిపోయింది, ఇక దానికి ఎవరి పేపర్నో చూపించే అవసరం లేకపోయింది. కాబట్టి సైటేషన్ల సంఖ్య చెప్పేది ఆ పని ఎంతమందికి చేతి పనిముట్టుగా ఉపయోగపడిందన్నదే. అది విలువైన సమాచారమే, కాకపోతే గొప్పతనానికి కొలత వేరు.

పాఠంలో కలిసిపోయి లెక్కలోంచి తప్పుకున్న పనికి మనకు దగ్గరి ఉదాహరణ సి.ఆర్. రావు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరిన ఆయన 1945లో, పాతికేళ్ల వయసులో, కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ఒక పేపర్ రాశారు. మన దగ్గరున్న సమాచారంతో ఒక విలువను అంచనా వేసేటప్పుడు, పద్ధతి ఎంత మంచిదైనా పొరపాటు ఒక హద్దుకు కిందికి దిగదని అందులో చూపించారు. దాన్నే క్రామెర్-రావు హద్దు అంటారు. స్వీడన్‌కు చెందిన హరాల్డ్ క్రామెర్ వేరుగా అదే ఫలితానికి వచ్చారు. ఈరోజు సంఖ్యాశాస్త్రం చదివే విద్యార్థి, రాడార్ సంకేతాలు విశ్లేషించే ఇంజినీరు ఆ హద్దును పేరు పెట్టి వాడతారు. 1945 నాటి పేపర్‌ను చివర్లో చూపించేవారు కొందరే. 2023లో, 102 ఏళ్ల వయసులో, రావుకు అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమతి దక్కింది. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు. ఒక పేపర్ విలువ తేలడానికి ఎంతకాలం పట్టవచ్చో చెప్పడానికి ఆ రెండు సంవత్సరాలు చాలు: 1945, 2023.

అయితే మామూలుగా ఒక పేపర్‌కు ఎన్ని సైటేషన్లు వస్తాయి? ‘నేచర్’ ఆ జాబితా వేసినప్పుడు వెబ్ ఆఫ్ సైన్స్‌లో సుమారు 5 కోట్ల 80 లక్షల పేపర్లున్నాయి. వాటిలో వెయ్యికి మించి సైటేషన్లున్నవి 14,499. అంటే 4,000 పేపర్లకు ఒకటి. మీకు తెలిసిన ఆచార్యుడి పేపర్లలో దేనికీ వెయ్యి లేవంటే అందులో చిన్నతనమేమీ లేదు. చాలా పేపర్లు ఒక్కసారో, అసలు లేకుండానో మిగిలిపోతాయి.

ఇప్పుడు హెచ్-ఇండెక్స్‌కు వద్దాం. 2005లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ దీన్ని ప్రతిపాదించారు. కాగితం మీద వేసి చూస్తే రెండు నిమిషాల్లో పట్టుబడుతుంది. ఒకరికి ఎనిమిది పేపర్లున్నాయనుకుందాం. వాటి సైటేషన్లు పెద్ద నుంచి చిన్నకు రాస్తే 40, 22, 15, 9, 6, 5, 3, 1. ఇప్పుడు వరుస సంఖ్య, సైటేషన్ల సంఖ్య పక్కపక్కన చూడండి. అయిదో పేపర్‌కు 6 ఉన్నాయి, అయిదు దాటింది. ఆరో పేపర్‌కు 5 మాత్రమే, ఆరుకు చేరలేదు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. కనీసం అయిదేసి సైటేషన్లున్న పేపర్లు అయిదు ఉన్నాయని దానర్థం. మొదటి పేపర్‌కు 40 బదులు 4,000 ఉన్నా ఇండెక్స్ 5 దగ్గరే ఉంటుంది. ఒక్క పేపర్‌తో మెరిసినవారికి, వంద పేపర్లు రాసి ఎవరి దృష్టిలోనూ పడనివారికి, ఇద్దరికీ ఇది తక్కువే ఇస్తుంది. నిలకడగా పనిచేసినవారికి ఎక్కువ ఇస్తుంది.

ఎంతుంటే మంచిది? భౌతిక శాస్త్రవేత్తల విషయంలో హిర్ష్ తన అంచనా తానే చెప్పారు: 20 ఏళ్ల పని తర్వాత 20 ఉంటే విజయవంతమైన శాస్త్రవేత్త, 40 ఉంటే మేటి, 60 ఉంటే అరుదైన వ్యక్తి. ఇందులో రెండు సంగతులు మరవకూడదు. ఒకటి వయసు. ఈ ఇండెక్స్ పెరగడమేగానీ తగ్గడం ఉండదు. పదవీ విరమణ చేసి ఇంట్లో కూర్చున్నా పెరుగుతుంది. ముప్పై ఏళ్ల యువతి ఇండెక్స్‌ను అరవై ఏళ్ల ఆచార్యుడి ఇండెక్స్‌తో పోల్చడం అన్యాయం. రెండోది రంగం. అదే 2005 పేపర్లో హిర్ష్ ఇచ్చిన పట్టికలో భౌతిక శాస్త్రంలో అందరికంటే పైనున్న ఎడ్వర్డ్ విట్టెన్‌కు 110, జీవశాస్త్రంలో పైనున్న సాలొమన్ స్నైడర్‌కు 191. దీన్నిబట్టి స్నైడర్ పెద్ద, విట్టెన్ చిన్న అనగలమా? జీవశాస్త్రంలో ప్రయోగశాలలు పెద్దవి, పేపర్లు ఎక్కువ, ఒక్కో పేపర్ చివర పేర్కొనే పాత పేపర్లూ ఎక్కువ. గణితంలో ఇవన్నీ తక్కువ. అందువల్ల గణిత ఆచార్యుడి 12ను బయోటెక్నాలజీ ఆచార్యుడి 35 పక్కన పెట్టి ఎవరినీ తూకం వేయలేం. 2020లో హిర్షే తన ఇండెక్స్ ఘోరంగా విఫలం కాగలదని, దానివల్ల కీడు కూడా జరగవచ్చని రాశారు.

ఈ కొలతకు అందనివారిలో పీటర్ హిగ్స్ ఒకరు. 1964లో ఒక కణం ఉండి తీరాలని రాశారు. 2012లో జెనీవా దగ్గరి సెర్న్ ప్రయోగశాలలో అది దొరికింది, 2013లో నోబెల్ వచ్చింది. ఆ 1964 పని తర్వాత ఆయన రాసిన పేపర్లు పది కూడా లేవు. ఈ రోజుల్లోనైతే తనకు విశ్వవిద్యాలయంలో ఉద్యోగమే దొరికేది కాదని ఆయన చెప్పుకున్నారు. మన నియామక కమిటీల్లో కూర్చునేవారు ఈ మాటను మనసుకు పట్టించుకోవాలని నా కోరిక.

తర్వాతిది ఇంపాక్ట్ ఫ్యాక్టర్. దీన్ని చాలామంది శాస్త్రవేత్త అంకె అనుకుంటారు. ఇది జర్నల్ అంకె. ఒక జర్నల్‌లో గత రెండేళ్లలో వచ్చిన పేపర్లకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను ఆ పేపర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు. సగటుకు ఒక గుణం ఉంది. ఇరవై ఇళ్లున్న వీధిలో పంతొమ్మిది ఇళ్ల నెల ఆదాయం 30 వేలు, ఒక్క ఇంటిది 50 లక్షలు అనుకోండి. సగటు 2 లక్షల 78 వేల 500 వస్తుంది. ఆ వీధిలో ఏ ఇంటి ఆదాయమూ దానికి దగ్గర్లో లేదు. స్ఫటికాల నిర్మాణం మీద వచ్చే ‘ఆక్టా క్రిస్టలోగ్రాఫికా ఎ’ అనే జర్నల్‌కు సరిగ్గా ఇదే జరిగింది. దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2008లో 2.05, 2009లో ఏకంగా 49.93. ఏడాదిలో ఆ జర్నల్ పేపర్లన్నీ పాతిక రెట్లు మెరుగుపడ్డాయా? 2008లో జార్జ్ షెల్డ్రిక్ తన షెల్ఎక్స్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం చరిత్ర మీద అందులో ఒక పేపర్ రాశారు. ఆ ప్రోగ్రాం వాడిన వేలమంది దాన్ని పేర్కొన్నారు. పెరుగుదల దాదాపు మొత్తం ఆ ఒక్క పేపర్‌దే.

ఇది తెలిసీ మన దగ్గర అధ్యాపకుల నియామక, పదోన్నతి పాయింట్లను జర్నల్ అంకెతో ముడిపెట్టారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 1 కంటే తక్కువున్న జర్నల్‌లో పేపర్‌కు 10 పాయింట్లు, 2 నుంచి 5 మధ్య ఉంటే 20, పది దాటితే 30. పైన చెప్పిన జర్నల్‌నే తీసుకుని ఈ లెక్క వేసి చూడండి: 2.05 ఉన్నప్పుడు అందులో రాసినవారికి 20, షెల్డ్రిక్ పుణ్యమా అని 49.93 అయినప్పుడు రాసినవారికి 30. రెండోవారు తమ పేపర్లో అదనంగా చేసిందేమీ లేదు. పేపర్‌ను చదవకుండా, అది ఏ అట్ట కింద అచ్చయిందో చూసి విలువ కట్టే ఈ పద్ధతి మారాలి. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ‘డోరా’ ప్రకటన కోరిందీ ఇదే: వ్యక్తుల్ని బేరీజు వేయడానికి జర్నల్ అంకెల్ని వాడొద్దని. ప్రపంచవ్యాప్తంగా వేల సంస్థలు, వ్యక్తులు దాని మీద సంతకం చేశారు.

ఇక అసలు చిక్కు సహ రచయితలతో. 2015లో సెర్న్‌లోని రెండు బృందాలు హిగ్స్ కణం బరువు మీద కలిసి ఒక పేపర్ రాశాయి. మొత్తం 33 పేజీల్లో విషయం తొమ్మిది పేజీలు, మిగతా 24 పేజీలు పేర్లు, సంస్థల జాబితా. రచయితలు 5,154 మంది. పేరుకు ఒక్క సెకను చొప్పున చదివినా గంటా 26 నిమిషాలు పడుతుంది. అంత పెద్ద యంత్రాన్ని కట్టి, నడిపి, లెక్కలు తేల్చడానికి అంతమంది నిజంగానే కావాలి. కానీ ఆ పేపర్‌కు వచ్చే ప్రతి సైటేషన్ 5,154 మంది ఖాతాల్లోనూ పూర్తిగా జమవుతుంది. దీనికి విరుగుడుగా కొందరు పంచి లెక్కపెడతారు: నలుగురు రాసిన పేపర్‌కు 100 సైటేషన్లు వస్తే ఒక్కొక్కరికి 25. యూజీసీ 2018 నిబంధనలూ పంపకం చెప్పాయి గానీ మరో రకంగా. ఇద్దరు రాస్తే చెరి 70 శాతం. అంతకు మించితే మొదటి లేదా ప్రధాన రచయితకు 70 శాతం, మిగతా ఒక్కొక్కరికీ 30 శాతం. అయిదుగురు రాసిన 30 పాయింట్ల పేపర్‌కు లెక్క వేయండి: ఒకరికి 21, నలుగురికి తొమ్మిదేసి, మొత్తం 57. ఒక్క పేరూ అదనంగా చేరకపోతే 30 దగ్గర ఆగేది. పని చేయనివారి పేరు చేర్చినా ఎవరికీ పెద్దగా నష్టం లేని లెక్క ఇది, దాని ఫలితం కళాశాలల్లో చూస్తూనే ఉన్నాం.

పేర్ల వరుసను బట్టి ఎవరు ఎంత చేశారో తెలుస్తుందా? రంగాన్ని బట్టి ఉంటుంది. జీవశాస్త్రం, రసాయన శాస్త్రం, వైద్యంలో మొదటి పేరు సాధారణంగా ప్రయోగం చేసినవారిది, చివరి పేరు ప్రయోగశాల నడిపే ఆచార్యుడిది. గణితంలోనూ, సెర్న్ వంటి పెద్ద బృందాల్లోనూ అక్షర క్రమం పాటిస్తారు, అక్కడ మొదటి పేరుకు ప్రత్యేక అర్థం లేదు. ఈ అయోమయం పోగొట్టడానికి ఇప్పుడు చాలా జర్నళ్లు ఎవరు ఏ పని చేశారో 14 రకాల పాత్రలుగా విడదీసి పేపర్ చివర అచ్చు వేస్తున్నాయి: ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరిది, రాసిందెవరు, డబ్బు తెచ్చిందెవరు. పేర్ల వరుస కంటే ముందు ఆ నాలుగు వాక్యాలు చదవండి.

పేరే లేకపోతే? భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో ఒక పేపర్ రాశారు. ద్రావణంలో భాస్వరం ఎంతుందో నీలిరంగు చిక్కదనం చూసి చెప్పే పద్ధతి అది. రసాయనం కలిపాక నీలం ఎంత ముదురుగా వస్తే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా అది ప్రపంచమంతటా జీవరసాయన ప్రయోగశాలల్లో స్థిరపడింది, ఆ పేపర్‌కు వేల సైటేషన్లు వచ్చాయి. అంతటి పని చేసినా హార్వర్డ్‌లో శాశ్వత పదవి దొరక్క 1940లో లెడర్లే సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయన నాయకత్వంలో తయారైన అమినోప్టెరిన్ అనే మందును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ సోకిన పిల్లలకు ఇచ్చారు. కొంతకాలమైనా వ్యాధి వెనక్కి తగ్గిందని 1948లో పేపర్ వచ్చింది. క్యాన్సర్‌కు మందుల చికిత్స చరిత్రలో అదొక మైలురాయి. ఆ పేపర్ రచయితలు అయిదుగురు, వారిలో సుబ్బారావు లేరు. ఆ ఏడాదే ఆగస్టులో ఆయన మరణించారు. సుబ్బారావుకు ఏ ఇండెక్స్ కట్టినా భాస్వరం కొలిచే పద్ధతి పెద్దదిగా, పిల్లల ప్రాణాలు నిలిపే ప్రయత్నం సున్నాగా కనిపిస్తాయి.

తెలుగువారి పేర్లతో మరో ఇబ్బంది ఉంది. మనకు ఇంటిపేరు ముందు, అదీ పొడి అక్షరంగా. విదేశీ జర్నల్ చివరి పదాన్నే ఇంటిపేరుగా పట్టుకుంటుంది. అలా కల్యంపూడి వారి రాధాకృష్ణారావు ప్రపంచానికి ‘రావు’ అయ్యారు. కె. శ్రీనివాసరావు అనే అధ్యాపకుడు ఒకచోట ‘రావు, కె.ఎస్.’గా, మరోచోట ‘శ్రీనివాసరావు, కె.’గా నమోదైతే ఒకే మనిషి లెక్క రెండు ముక్కలవుతుంది. అదే పొడి అక్షరాలున్న నలుగురి పేపర్లు ఒకరి ఖాతాలో కలిసిపోవడమూ ఉంది. పెళ్లయ్యాక పేరు మారిన మహిళల విషయంలో ఇంకా నష్టం. 2012లో మొదలైన ఆర్కిడ్ అనే 16 అంకెల గుర్తింపు సంఖ్య దీనికి మందు. ఉచితం, పేరు ఎలా రాసినా సంఖ్య మారదు. పరిశోధనలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థీ మొదటి పేపర్‌కు ముందే తీసుకోవాలి.

అంకె పెంచుకోవడానికి అడ్డదారులు లేవా? ఉన్నాయి. తన పాత పేపర్లను తానే పేర్కొనడం వాటిలో తేలికైనది. కొంతవరకు అది సహజమే, పదేళ్లు ఒకే దారిలో పనిచేసినవారు తమ వెనకటి అడుగును చూపించక తప్పదు. సగానికి మించి సొంతవే అయితే అనుమానించాలి. డబ్బు తీసుకుని ఏది పంపినా అచ్చేసే జర్నళ్లు మరో దారి. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఒమిక్స్ ప్రచురణ సంస్థ పరిశోధకులను మోసగించిందన్న కేసులో అమెరికా కోర్టు 2019లో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పు ఇచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 2023లో ఒక్క ఏడాదే 10,000కు పైగా పేపర్లను జర్నళ్లు వెనక్కి తీసుకున్నాయి. నమ్మదగిన జర్నళ్ల కోసం యూజీసీ 2019లో ‘కేర్’ జాబితా పెట్టి 2025లో ఎత్తేసింది. ఇప్పుడు మంచిచెడ్డలు చూసుకోవాల్సిన బాధ్యత విశ్వవిద్యాలయాల మీదే ఉంది.

మొదట చెప్పిన 2 శాతం జాబితా సంగతి. దాన్ని స్టాన్‌ఫర్డ్ ర్యాంకు అని రాస్తున్నారు. అక్కడి ప్రొఫెసర్ జాన్ అయొనిడిస్, సహచరులు స్కోపస్ లెక్కలతో తయారు చేసేదది. పరిశోధన రంగాలను 174 ఉపరంగాలుగా విడదీసి, ఎవరి ఉపరంగంలో వారిని పోలుస్తారు. సొంత సైటేషన్లు తీసేసిన లెక్క విడిగా ఇస్తారు. ఒంటరిగా రాసినవి, మొదటి పేరుగా, చివరి పేరుగా రాసినవి వేరువేరుగా చూస్తారు. అంటే ఇప్పటిదాకా చెప్పుకున్న లోపాలు చాలావాటిని సరిదిద్దే ప్రయత్నం అందులో ఉంది, ఆ మేరకు అది మెచ్చదగినదే. వార్త చదివేటప్పుడు ఒక్కటి చూడండి. జాబితాలు రెండు: జీవితకాలపు పనికి ఒకటి, ఆ ఒక్క ఏడాది సైటేషన్లకు ఒకటి. చాలా వార్తల్లో ఏదో చెప్పరు. రెండోదానిలో ఈ ఏడాది ఉన్నవారు వచ్చే ఏడాది ఉండకపోవచ్చు.

ఇంతకీ మా అమ్మాయి గైడ్‌ను ఎలా ఎంచుకోవాలి అంటారా? ముందు గత అయిదేళ్ల పేపర్ల జాబితా తీయండి. ప్రయోగ శాస్త్రాల్లోనైతే గైడ్ పేరు చివర ఉండి, మొదటి పేర్లు మారుతూ ఉండాలి. ఆ మారే పేర్లే విద్యార్థులవి. మొదటి పేరు ఎప్పుడూ గైడ్‌దే అయితే ఎందుకో అడిగి తెలుసుకోవాలి. తర్వాత శోధ్‌గంగ వెబ్‌సైట్ చూడండి, అక్కడ ఆ గైడ్ దగ్గర డాక్టరేట్ పూర్తిచేసినవారి సిద్ధాంత గ్రంథాలు ఉచితంగా దొరుకుతాయి. ఒకటి తెరిచి, అందులోని ఒక అధ్యాయాన్ని, అదే విషయం మీద వచ్చిన పేపర్‌ను పక్కపక్కన పెట్టండి. అధ్యాయం రాసిన విద్యార్థి పేరు పేపర్లో ముందుందా, మధ్యలో ఎక్కడో ఉందా, అసలు లేదా? ముందుంటే, రిజిస్ట్రేషన్‌కూ ఆ పేపర్‌కూ మధ్య ఎన్నేళ్లు పట్టిందో ఆ విద్యార్థినే అడగండి. జవాబు నచ్చితే, హెచ్-ఇండెక్స్ 12 ఉన్నా సరే, ఆ గైడ్‌కు ఈమెయిల్ రాయమనండి.